పాత బ్రిటిష్ క్లారినెట్: 1010 కావాలా, 926 చాలా?

నాలుగేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక పాత క్లారినెట్ కొన్నాను. ప్రకటనలో "బూజీ అండ్ హాక్స్ 1010, లండన్" అని రాసుంది. బూజీ అండ్ హాక్స్ ఇంగ్లండ్ వాద్యాల కంపెనీ, 1010, 926 దాని మోడళ్ల పేర్లు. ఫొటోలో అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ధర చూసి ఇంత తక్కువకా అనుకున్నాను గానీ, చౌకగా వస్తోందంటే చేయి ఆగదు కదా. పెట్టె ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే అక్కడున్నది 1010 కాదు, 1-10. మధ్యలో చిన్న గీత. 1010 లండన్ ఆర్కెస్ట్రాల్లో మొదటి కుర్చీలో కూర్చునేవాళ్లు వాయించిన వాద్యం. 1-10 నేర్చుకునేవాళ్ల కోసం చేసినది. అమ్మినాయన మోసం చేశాడని అనను. అటక మీద దొరికిన దాన్ని అమ్మకానికి పెట్టాడు, ఆ గీత ఆయనకీ కనిపించి ఉండదు.

అప్పటి నుంచి పాత బ్రిటిష్ క్లారినెట్ ఏది చూసినా పేరును అన్నిటికంటే ఆఖరున చదువుతాను. ముందు శ్రుతి, తర్వాత మీటల అమరిక, తర్వాత లోపలి గొట్టం వెడల్పు. ఈ మూడూ తేలాక పేరు చూస్తే ధర సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. అసలు కొనాలో వద్దో మాత్రం ఆ మూడే చెప్పేస్తాయి.

హెచ్.పి. అన్న రెండు అక్షరాలు

పాత బ్రిటిష్ వాద్యాల్లో అన్నిటికంటే ఎక్కువమందిని ముంచింది హై పిచ్. ఇప్పుడు ప్రపంచమంతా 'ఏ' (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి పెట్టుకుంటోంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో అది 452 దాకా ఎక్కి కూర్చుంది. పాడేవాళ్ల గొంతులు చిరిగిపోతున్నాయని గోల. 1895లో లండన్ క్వీన్స్ హాల్‌లో హెన్రీ వుడ్ ప్రామినాడ్ కచేరీలు మొదలుపెట్టినప్పుడు డబ్బు పెట్టిన జార్జ్ క్యాత్‌కార్ట్ ఒక గొంతు డాక్టరు. శ్రుతి దించితేనే డబ్బిస్తానని షరతు పెట్టాడు. మరుసటేడు 439 అనే కొత్త శ్రుతి వచ్చింది. ఆర్కెస్ట్రాలు మారాయి గానీ సైనిక బ్యాండులు 1920ల చివరి దాకా పాత శ్రుతినే పట్టుకు కూర్చున్నాయి. వందల వాద్యాలు ఒక్కసారిగా మార్చడమంటే ఖర్చు మరి. అందుకే ఆ కాలంలో చేసినవాటిలో రెండు రకాలూ కలగాపులగంగా దొరుకుతాయి.

452కీ 440కీ మధ్య తేడా దాదాపు అర సెమిటోన్, అంటే పక్కపక్క స్వరాల మధ్య దూరంలో సగం. అందరూ మామూలుగా వాయించే బీఫ్లాట్ క్లారినెట్‌లో సి వాయిస్తే ట్యూనర్ బీఫ్లాట్ చూపించాలి. హై పిచ్‌దైతే ముల్లు బీఫ్లాట్‌కీ బీకీ నట్టనడుమ వేలాడుతుంది. ఎటూ తేలదు. చాలా వాటి మీద హెచ్.పి. (హై పిచ్) లేదా ఎల్.పి. (లో పిచ్) అని ముద్ర ఉంటుంది, కానీ అన్నిటి మీదా ఉండదు. ముద్ర లేకపోతే అమ్మేవాళ్లను టేపు పెట్టి కొలవమనండి. మౌత్‌పీస్ తీసేసి, దాని కిందుండే పొట్టి ముక్క బారెల్ పై అంచు నుంచి, గంట ఆకారపు చివర బెల్ కింది అంచు దాకా మామూలు బీఫ్లాట్ 59 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. హై పిచ్ దానికంటే సుమారు రెండు సెంటీమీటర్లు పొట్టి. 62, 63 వస్తే అది 'ఏ' (A) శ్రుతి క్లారినెట్ అయి ఉంటుంది. అది వేరే వాద్యం, ఒంటరిగా కొంటే మీకు పెద్దగా ఉపయోగపడదు.

"పొడుగు బారెల్ వేసుకుంటే సరిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. గొట్టం పైచివర రెండు సెంటీమీటర్లు చేరిస్తే పై రంధ్రాల నుంచి వచ్చే స్వరాలు బాగా దిగిపోతాయి, కింది రంధ్రాలవి కొంచెమే దిగుతాయి. ఒక్క స్వరం సరిచేస్తే పది స్వరాలు చెడతాయి.

అయితే హై పిచ్ అందరికీ పనికిరానిది కాదు. కర్ణాటక సంగీతం ఒంటరిగా వాయించుకునేవారికి 440తో పనేముంది? ఫైన్ ట్యూనింగ్ ఉన్న ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఉంటే దాన్నే వాద్యానికి కలుపుకోవచ్చు. హార్మోనియంతోనో కీబోర్డుతోనో వాయించాలంటేనే ఇబ్బంది. బ్యాండులో చేరాలంటే మాత్రం హై పిచ్ జోలికి అసలు పోవద్దు, ఊరికే ఇచ్చినా సరే.

చిటికెన వేలి దగ్గర నాలుగు మీటలా, రెండా?

రెండో పరీక్ష ఫొటో చూసే చేయొచ్చు. కుడిచేతి చిటికెన వేలు ఆనే చోట నాలుగు మీటలుంటే అది బోహం పద్ధతి. రెండే ఉంటే, వాటి మీద చిన్న రోలర్లు కూడా కనిపిస్తే, అది సింపుల్ సిస్టమ్. చాలామంది దీన్నే ఆల్బర్ట్ అంటారు. వెనక తిప్పి చూసినా తెలిసిపోతుంది. బోహంలో బొటనవేలి రంధ్రం చుట్టూ రింగు ఉంటుంది, సింపుల్‌లో సాధారణంగా ఉండదు. ఈ రెండింటికీ మధ్యస్థంగా క్లింటన్ పద్ధతి అని బూజీ కంపెనీ చేసింది ఒకటుంది. సేకరించేవాళ్లకు ముచ్చట, వాయించేవాళ్లకు వేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు పాఠాల పుస్తకాలు, టీచర్లు, యూట్యూబ్ అన్నీ బోహం మీదే. కొత్తగా నేర్చుకునేవారు సింపుల్ కొనుక్కుంటే ప్రతి పాఠంలోనూ తడుముకోవాలి. మన దగ్గర మాత్రం కథ కొంచెం వేరు. క్లారినెట్ మనకు వచ్చిందే ఇంగ్లిషు వాళ్ల బ్యాండుల వెంట. పెళ్లి బ్యాండుల్లో నేటికీ సింపుల్ సిస్టమ్‌వి కనిపిస్తాయి. ఎ.కె.సి. నటరాజన్ గారి తర్వాత కర్ణాటక కచేరీలో క్లారినెట్ ఒక వింత కాదు. గమకం కోసం వేలు రంధ్రం మీద సగం తెరిచి జారించాలంటే రింగులు తక్కువ ఉంటేనే సుఖం. కాబట్టి మీ వాయింపు ఆ దారిలోదైతే, పాత ఆల్బర్ట్ రకం బూజీయో హాక్సో మంచి స్థితిలో, తక్కువ ధరకు దొరికితే నిరభ్యంతరంగా తీసుకోండి. పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్నవారు వద్దంటున్నారంటే అది మీ అదృష్టమే.

ఒకే ఇంటి పిల్లలు

పాత బ్రిటిష్ బోహం క్లారినెట్ అంటే నూటికి తొంభై సార్లు బూజీ అండ్ హాక్సే. బూజీ అండ్ కో, హాక్స్ అండ్ సన్ అని రెండు పోటీ కంపెనీలు 1930లో కలిశాయి. లండన్ ఉత్తరపు అంచున ఎడ్జ్‌వేర్‌లో ఫ్యాక్టరీ. కాబట్టి రెండు పేర్లూ కలిసి ఉంటే 1930 తర్వాతది, ఒక్క పేరే ఉంటే అంతకు ముందుది. ఒక్క పేరున్నదాన్ని చూసినప్పుడు హై పిచ్ అనుమానం వెంటనే రావాలి. రుడాల్ కార్ట్ పేరుతోనూ మంచి పనితనం ఉన్న పాతవి దొరుకుతాయి, వాటికీ అదే జాగ్రత్త.

ఇక్కడ ఇంకో తిరకాసు. బెల్ మీద "ఎడ్జ్‌వేర్" అని పెద్దగా ఉంటే అది ఊరి పేరు అనుకుంటారు. కాదు, మోడల్ పేరు! ఫ్యాక్టరీ ఊరి పేరే స్కూలు పిల్లలకు చేసిన చెక్క క్లారినెట్‌కు పెట్టారు. రీజెంట్ దానికంటే కింది మెట్టు. అందులో చెక్కవీ ప్లాస్టిక్‌వీ రెండూ కనిపిస్తాయి. 1-10, 2-20, 8-10 లాంటి గీత అంకెలవీ నేర్చుకునేవాళ్ల వైపువే. ఇక పెద్ద అంకె ఏదైనా కనిపించగానే మోడల్ నంబరు అనుకోవద్దు, ఐదారు అంకెలున్నది సీరియల్ నంబరు. పైముక్క మీదా కిందిముక్క మీదా అది ఒకటే ఉందా లేదా చూడండి. రెండు వేర్వేరు క్లారినెట్ల ముక్కలు కలిపి ఒకటిగా అమ్మేవి నేను రెండు చూశాను. లాఫ్లర్ అన్న పేరుంటే ఇంకాస్త ఆగండి. హాక్స్ వాళ్లు కొనేసిన పాత కంపెనీ పేరది. తర్వాత ఆ ముద్రతో వేరే దేశాల్లో చేయించి తెప్పించినవి కూడా అమ్మారు.

పై మెట్టులో మూడు పేర్లే గుర్తుపెట్టుకోవాలి: ఎంపరర్, ఇంపీరియల్ 926, సింఫనీ 1010. మనసు లాగేది 1010 వైపు, డబ్బు మిగిలేది మొదటి రెండిటి వైపు.

అర మిల్లీమీటరు తేడా

పైముక్కను బారెల్ నుంచీ కిందిముక్క నుంచీ విడదీసి, దాని కింది చివర లోపలి వెడల్పు కొలవండి. వెర్నియర్ కాలిపర్ లోపలి కొక్కేలు నెమ్మదిగా తెరవాలి, చెక్కను గీకకూడదు. రెండు దిశల్లో కొలవాలి, ఎందుకంటే పాత చెక్క ఎండి కోడిగుడ్డు ఆకారానికి తిరిగి ఉండొచ్చు. 15.2 మిల్లీమీటర్లు గానీ కొంచెం పైన గానీ వస్తే 1010. 15.0 దగ్గర ఆగితే 926, ఎంపరర్ కుటుంబం. ఇవాళ ఎక్కువమంది వాయించే బఫే ఆర్13 లాంటి ఫ్రెంచి రకాలు 14.6, 14.7 దగ్గరుంటాయి. బంగారు ముద్ర అరిగిపోయి పేరే కనిపించని వాద్యాన్ని కూడా ఇలా కొలిచి పట్టుకోవచ్చు. నా 1-10ని ముందే కొలిపించి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఆ అర మిల్లీమీటరులోనే ఉంది అంతా. వెడల్పు గొట్టం వల్ల 1010లో ఊపిరి తేలిగ్గా వెళ్తుంది, నాదం పరుచుకుంటుంది, స్వరాన్ని పెదవితో అటూ ఇటూ వంచుకోవచ్చు. బీచమ్ నడిపిన రాయల్ ఫిల్హార్మోనిక్‌లో జాక్ బ్రైమర్, లండన్ సింఫనీలో జెర్వేస్ డి పేయర్ వాయించింది ఇదే. వాళ్ల పాత రికార్డింగులు వింటే ఇంగ్లిషు క్లారినెట్ నాదం అంటే ఏమిటో మాటల్లో చెప్పక్కర్లేదు.

కానీ వంచుకోగలిగిన స్వరాన్ని ప్రతిసారీ సరిగ్గా పెట్టాల్సిన బాధ్యతా మీదే. దానికి తోడు మౌత్‌పీస్ పేచీ. మామూలు మౌత్‌పీస్ లోపలి గొట్టం కిందికి వచ్చేకొద్దీ కొద్దిగా వెడల్పయ్యే ఆకారంలో ఉంటుంది. 1010కి దాదాపు ఒకే వెడల్పున్న పెద్ద గొట్టపు మౌత్‌పీస్ కావాలి. దుకాణంలో దొరికే మౌత్‌పీస్ తగిలిస్తే అది మోగుతుంది, కానీ కింది వరసకీ పై వరసకీ శ్రుతి కలవదు. క్లారినెట్‌లో రిజిస్టర్ మీట నొక్కితే స్వరం పైనున్న పన్నెండో స్వరానికి ఎగురుతుంది కదా, ఆ ఎగురుడే వంకరవుతుంది. చాలామంది "1010 శ్రుతి బాగాలేదు" అని చెప్పేది ఈ తప్పు మౌత్‌పీస్ వల్లే. కాబట్టి 1010 కొంటుంటే పెట్టెలో అసలు మౌత్‌పీస్, అసలు బారెల్ ఉన్నాయా అని అడగండి. లేకపోతే పీటర్ ఈటన్ లాంటివారు పెద్ద గొట్టానికని చేసినది విడిగా వెతుక్కోవాలి. ఆ ఖర్చు కూడా 1010 ధరలో కలిపి చూసుకోండి.

926కూ ఎంపరర్‌కూ ఈ తలనొప్పి చాలా తక్కువ. వాండొరెన్ బి45 లాంటి మామూలు మౌత్‌పీస్‌తో కూడా మర్యాదగానే ప్రవర్తిస్తాయి. నాదంలో ఆ ఇంగ్లిషు విశాలత కొంత దక్కుతుంది, పక్కన బఫే వాయించేవాడితో శ్రుతి కలుస్తుంది. ఈ రెండిటిలో 926 మీటల పనితనం మేలు. ఎంపరర్ ఎక్కువ సంఖ్యలో దొరుకుతుంది, అందుకే చవక. నా చేతిలో ఇప్పుడున్నది ఎంపరర్. స్నేహితుడి 926తో పక్కపక్కన పెట్టి కళ్లు మూసుకుని విన్నప్పుడు మా ఇద్దరికీ ఏది ఏదో చెప్పడం కష్టమైంది. వేళ్ల కింద మాత్రం తేడా తెలిసింది. ముఖ్యంగా ఎడమ చిటికెన వేలి మీటలు 926లో ఊగవు.

ఎవరికి ఏది అంటే నా మాట ఇది. మొదటి క్లారినెట్ కోసం చూస్తున్నవారు, టీచర్ దగ్గర పాఠాలకు వెళ్లేవారు ఎంపరర్ తీసుకోండి. ప్యాడ్లన్నీ (మీటల కింద రంధ్రాలను మూసే మెత్తలు) కొత్తవి వేయించుకుని వాడండి. ఇప్పటికే వాయిస్తూ రెండోది కావాలనుకునేవారికి 926. 1010 మాత్రం ఆ నాదమే కావాలని, దాని కోసం చెవినీ పెదవినీ మార్చుకోవడానికి సిద్ధమైనవారికే. పెట్టుబడిగా కొందామనుకుంటే బీఫ్లాట్, 'ఏ' (A) క్లారినెట్లు రెండూ ఒకే పెట్టెలో ఉన్న జత చూడండి, విడివిడిగా వద్దు. ఎడ్జ్‌వేర్ ఎవరికంటారా? బంధువుల ఇంట్లో ఊరికే దొరికితే తీసుకోండి. కొని, ప్యాడ్లు వేయించి, కార్కులు మార్పిస్తే అయ్యే ఖర్చుకు ఎంపరర్ వస్తుంది. రీజెంట్ కంటే కొత్త యమహా ప్లాస్టిక్ క్లారినెట్ నయం. ఈ మాట బ్రిటిష్ అభిమానులకు రుచించదు గానీ, నేర్చుకునే పిల్లవాడికి మీటలు వంగిపోని వాద్యం ముఖ్యం.

చేతికొచ్చాక

ముందు పైముక్కను విడిగా తీసుకుని, వేళ్లతో రంధ్రాలన్నీ మూసి, కింది చివర అరచేత్తో అదిమి, పైచివర నుంచి గాలి లోపలికి పీల్చండి. నాలుకకు అతుక్కుని రెండు మూడు సెకన్లు పట్టుకుంటే ప్యాడ్లు బాగున్నట్టు. వెంటనే వదిలేస్తే ఎక్కడో గాలి పోతోంది. ప్యాడ్లే అయితే పర్వాలేదు, మార్చుకోవచ్చు. బీట అయితేనే చిక్కు. పైముక్కలో రిజిస్టర్ గొట్టం దగ్గరా, పక్కనున్న ట్రిల్ రంధ్రాల దగ్గరా వెలుతురులో వంచి చూడండి. వెంట్రుక మందం గీత ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకుతుంటే ధర బాగా తగ్గించమనండి. పిన్నులు వేసి బాగుచేసినది మాత్రం భయపడాల్సింది కాదు, అలాంటివి ఏళ్ల తరబడి మోగుతూనే ఉన్నాయి. నల్లగా ఉండాల్సింది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోకి తిరిగి, తడిగుడ్డతో రుద్దితే గంధకం వాసన వస్తే అది చెక్క కాదు, ఎబొనైట్ అనే గట్టి రబ్బరు. ఎండకు రంగు మారుతుంది, వేడినీళ్లు అసలు తగలనివ్వకూడదు, కానీ బీటలు వారదు.

చెక్కవి చాలావరకు ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్, మన జిట్రేగికి దగ్గరి చుట్టం. ఆ కుటుంబం మొత్తాన్నీ 2017లో సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రక్షణ జాబితాలో చేర్చడంతో విదేశాల నుంచి క్లారినెట్ తెప్పించడం కొన్నాళ్లు పెద్ద టెన్షన్ అయింది. తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు వచ్చింది, ఇప్పుడు ఆ గొడవ లేదు.

ఎడ్జ్‌వేర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. కంపెనీ 1981లోనే ఫ్రెంచి బఫేను కొనేసింది. 1010 తయారీ ఆ దశాబ్దంలోనే ఆగిపోయింది. అందువల్ల విరిగిన మీటకు కొత్త మీట ఎక్కడా రాదు, ఇంకో పాత క్లారినెట్ నుంచి తీయాల్సిందే. మీటలన్నీ ఉన్నాయో లేదో కొనేముందే లెక్కపెట్టుకోండి. మామూలు బోహంలో 17 మీటలు, 6 రింగులు. పాత లెడ్జర్లు, కంపెనీ దగ్గరుండిన వాద్యాల సేకరణ ఇప్పుడు లండన్ హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. సీరియల్ నంబరు బట్టి మీది ఏ కాలందో తెలుసుకోవాలంటే ఆ దారి ఒకటుంది.

ఇంగ్లండ్ తేమలో డెబ్బై ఏళ్లు ఉన్న చెక్క ఏప్రిల్‌లో కరీంనగర్‌లోనో విజయవాడలోనో దిగిందనుకోండి, మొదటి వారం రోజూ పది నిమిషాలకు మించి వాయించకండి. వాయించిన వెంటనే లోపల గుడ్డ లాగి తుడిచి, ముక్కలు విడదీసి పెట్టెలో పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట గానీ, కారు డిక్కీలో గానీ ఉంచొద్దు. నా ఎంపరర్ వచ్చింది మే నెలలో. మూడు వారాలు పెట్టెలో రెండు నారింజ తొక్కలు పడేసి ఉంచాను. తేమ తగ్గకుండా ఉండటానికి పాత బ్యాండు మాస్టర్లు చెప్పే చిట్కా అది. తొక్కలు రెండు రోజులకోసారి మార్చాలి, మర్చిపోతే బూజు పడుతుంది.